గోధుమ మానేసిన ఇంట్లో పులిసిన వంటలు: సద్ది కుండతో మొదలుపెట్టండి

మా పెద్దమ్మాయికి సీలియాక్, అంటే గోధుమ లాంటి గింజల్లోని గ్లూటెన్ పేగును దెబ్బతీసే జబ్బు, ఉందని తేలిన రోజు సాయంత్రం వంటింట్లో నిలబడి డబ్బాలన్నీ ఒక్కొక్కటే కిందికి దించాను. గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమియా, బిస్కెట్లు. ఒక్కో డబ్బా పక్కన పెడుతుంటే, ఇంక పిల్లకు ఏం పెట్టాలిరా దేవుడా అని చేతులు ఆడలేదు. మా అత్త గడప దగ్గర కూర్చొని చూస్తా ఉండి, "రాగులున్నాయి, కొర్రలున్నాయి, జొన్నలున్నాయి, బియ్యముంది. మా చిన్నప్పుడు గోధుమ రొట్టె ఎవరు చూసినారు పాపా?" అనింది.

ఆ మాటే నాకు దారి చూపింది. వానలు తక్కువ పడే ఈ అనంతపురం, కర్నూలు, కడప నేలలో మన పెద్దవాళ్ళు తిన్నది దాదాపు అంతా గ్లూటెన్ లేని తిండే. అందులో సగం పులియబెట్టి తిన్నదే. కడుపుకు మంచి చేసే సూక్ష్మజీవుల కోసం ఖరీదైన సీసాలు కొనక్కర్లేదు. ఒక కుండ, ఇంత మజ్జిగ, మన ఎండలకు తగినట్టు గడియారం చూసుకునే అలవాటు ఉంటే చాలు. ఎలా చేయాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో నేను చేసి నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చెప్తాను.

ముందు ఒక మాట. మీకు గాని, మీ పిల్లలకు గాని గోధుమ పడడం లేదని అనుమానం ఉంటే, మీ అంతట మీరు గోధుమ మానేసి ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి పోవద్దు. సీలియాక్ ఉందో లేదో తేల్చడానికి మొదట చేసేది టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష. గోధుమ తింటున్నప్పుడు చేస్తేనే అది సరిగ్గా తేలుతుంది. మానేసి కొన్ని నెలలైతే జబ్బు ఉన్నా పరీక్షలో కనపడకపోవచ్చు. మా అమ్మాయికి రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు వాడుతూ పోయాం. కడుపు ఉబ్బరం, సన్నబడిపోవడం వేరే సంగతి అనుకున్నాం. దక్షిణాదిలో ఈ జబ్బు ఉత్తరాది కంటే తక్కువ కాబట్టి ఎవరికీ తొందరగా తట్టదు. పరీక్ష అయ్యాకే మిగతావన్నీ.

మొదట దాక్కున్న గోధుమను బయటికి పంపండి

గ్లూటెన్ అనేది గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ప్రొటీన్. రాగి, జొన్న, సజ్జ, కొర్ర, సామ, బియ్యం, మొక్కజొన్న, పప్పులు, వీటిలో అది లేదు. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. ఇబ్బందంతా మనం గోధుమ అనుకోని చోట ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద దొంగ ఇంగువ పొడి. బజార్లో దొరికే ఇంగువ పొడి శుద్ధమైన ఇంగువ కాదు. ఇంగువ బంక చాలా ఘాటు కాబట్టి దాన్ని పిండితో కలిపి పొడి చేస్తారు, ఆ పిండి చాలాసార్లు గోధుమపిండి లేదా మైదా. నాకది తెలియదు. గోధుమ మానిపించి మూడు నెలలైనా పిల్లకు కడుపునొప్పి పోలేదు. జీర్ణానికి మంచిదని రోజూ మజ్జిగలో ఇంగువ పోపు వేసి నా చేత్తో నేనే తాగిస్తున్నాను. ఒక మధ్యాహ్నం ఊరికే డబ్బా తిప్పి చూస్తే, వెనక చిన్న అక్షరాల్లో గోధుమపిండి అని రాసి ఉంది. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు నాకే తెలుసు. బియ్యప్పిండితో కలిపినవి, గ్లూటెన్ లేదని అచ్చువేసినవి దొరుకుతాయి, అవి తెచ్చుకోండి. దొరక్కపోతే ఇంగువ లేకుండానే పోపు వేయండి. జీలకర్ర, తెల్లగడ్డ చాలు.

రెండోది పిండి మిల్లు. మీ ముందు మనిషి గోధుమలు ఆడించుకొని పోయాక అదే రాళ్ళ మధ్య మీ రాగులు పోస్తే, మొదట వచ్చే పిండిలో గోధుమ కలిసే ఉంటుంది. మనదేశంలో గ్లూటెన్ లేనిది అని ప్యాకెట్ మీద రాయాలంటే అందులో గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని ఆహార భద్రతా సంస్థ నియమం. అంత సూక్ష్మంగా చూసే జబ్బు ఇది, మిల్లులో కలిసే గుప్పెడు పిండి చాలా ఎక్కువ. ఊరికే ఉబ్బరంగా ఉందని గోధుమ తగ్గించుకున్నవాళ్ళకు ఇంత పట్టింపు అక్కర్లేదు. సీలియాక్ ఉన్నవాళ్ళు మాత్రం ఇంట్లోనే మిక్సీలో ఆడుకోండి, లేదంటే చిన్న పిండి మిషన్ ఒకటి కొనుక్కోండి. గింజలు కూడా ఇంటికి తెచ్చాక ఒకసారి చేటలో పోసి ఏరండి, గోధుమ గింజ ఒకటో రెండో కనపడడం అరుదేం కాదు.

రవ్వల సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. ఇడ్లీ రవ్వ బియ్యం నుంచి వచ్చేది, తినొచ్చు. బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ తినకూడదు. పేరులో రవ్వ ఉందని రెండూ ఒకటే అనుకొని పెట్టిన చుట్టాలు మాకున్నారు. కడుపు చల్లబడాలని ఇచ్చే బార్లీ నీళ్ళు కూడా పనికిరావు. ఓట్స్ మామూలు ప్యాకెట్లలో గోధుమ కలిసే అవకాశం ఎక్కువ. హోటల్లో దోసె పిండిలో మైదా వేస్తారో లేదో మనకు తెలియదు, అడిగినా అందరూ చెప్పరు.

ఇంకొక అపోహ కూడా ఉంది. పులియబెడితే గోధుమలో గ్లూటెన్ పోతుందని కొందరు నమ్ముతారు. పులుపులో కొంత విరిగేది నిజమే, కానీ సీలియాక్ ఉన్నవాళ్ళు తినేంతగా పోదు. పులిసిన గోధుమ కూడా గోధుమే.

ఏది బతికి ఉన్న పులుపు, ఏది కాదు

పులిసిన తిండి అంటే అంతా ఒకటి కాదు. ఇడ్లీ, దోసె, పొంగణాలు పిండి దశలో బాగా పులుస్తాయి. ఆవిరికి, పెనం వేడికి ఆ సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. అంతమాత్రాన అవి పనికిరానివి కావు. పులిసేటప్పుడు గింజల్లోని ఫైటిక్ ఆమ్లం తగ్గుతుంది, దానివల్ల ఐరన్ లాంటి ఖనిజాలు ఒంటికి బాగా పడతాయి, అరుగుదల తేలికవుతుంది. రక్తం తక్కువున్న మా అమ్మాయికి నేను పిండిని పులియనిచ్చి పెట్టేది అందుకే. బతికి ఉన్న సూక్ష్మజీవులే కావాలంటే మాత్రం పులిసిన తర్వాత పొయ్యి ఎక్కనివి తినాలి. అంటే సద్దన్నం, మజ్జిగ కలిపిన అంబలి, పెరుగు, ఉప్పునీళ్ళలో ఊరబెట్టిన కూరగాయలు.

మన ఆవకాయ ఈ లెక్కలోకి రాదు. ఉప్పు, కారం, నూనె అంత ఎక్కువ ఉంటే పులవడం పెద్దగా జరగదు. ఉప్పే దాన్ని కాపాడుతుంది.

సద్దన్నం

ఇది అన్నిటికంటే తేలిక. అయినా ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. రాత్రి మిగిలిన అన్నం ఎంతసేపు బయటున్నా ఫర్వాలేదు, నీళ్ళు పోస్తే సద్దన్నం అవుతుంది అనుకుంటారు. కాదు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి, అవి ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలిచి విషం తయారు చేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. మన పని ఏమంటే, ఆ బ్యాక్టీరియా కంటే ముందు పులుపు బ్యాక్టీరియాను కుండలో కూర్చోబెట్టడం. దానికి మజ్జిగ కావాలి.

సద్ది కోసమే కొంచెం అన్నం రాత్రి ఆలస్యంగా వండండి. కర్నూలు సోనా మసూరి అయినా, కొర్ర బియ్యం అయినా బాగుంటుంది, రెండూ కలిపినా మంచిదే. వండిన అన్నాన్ని కుక్కర్‌లోనే మూతపెట్టి వదిలేయకండి. వెడల్పు పళ్ళెంలో పరిచి ఫ్యాన్ కింద పెట్టి గంటలోపు పూర్తిగా చల్లార్చండి. తర్వాత శుభ్రంగా కడిగి ఆరబెట్టిన మట్టి కుండలో వేసి, చేత్తో కొంచెం మెదిపి, అన్నం మీద రెండు వేళ్ళ ఎత్తు నిలిచేలా నీళ్ళు పోయండి. మున్సిపాలిటీ నీళ్ళలో క్లోరిన్ వాసన ఉంటే అది మన పులుపును అడ్డుకుంటుంది, కాచి చల్లార్చిన నీళ్ళే పోయండి. అందులో రెండు చెంచాల చిక్కటి పుల్ల మజ్జిగ కలిపి, ఉప్పు వేయకుండా, పళ్ళెం మూత పెట్టి వంటింట్లో నేల మీద, చల్లగా ఉండే మూల పెట్టండి.

ఎంతసేపు అనేది నెలను బట్టి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ళలో పగలు 42, 43 డిగ్రీలు దాటుతుంది, రాత్రి కూడా ఇల్లు చల్లబడదు. అప్పుడు ఆరేడు గంటలు చాలు. రాత్రి పదకొండుకు నానబెట్టి పొద్దున్నే ఆరుకల్లా తినేయండి. డిసెంబర్‌లో పది గంటలైనా పట్టొచ్చు.

పొద్దున మూత తీసినప్పుడు ఎలా ఉండాలో చూడండి. నీళ్ళు పలచటి పాలలాగ మసకగా ఉంటాయి. అన్నం మెతుకు పొడుగ్గా ఉబ్బి, వేళ్ళ మధ్య నొక్కితే ఇట్టే మెదిగిపోతుంది. మజ్జిగకు దగ్గరగా, కొంచెం తియ్యటి పులుపు వాసన వస్తుంది. మా అత్త చెంచాతో చూడదు, గడియారమూ చూడదు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. "కుండే చెప్తాది పాపా, నువ్వు వినాలంతే" అంటుంది. జిగటగా తీగలాగ సాగితే, కుళ్ళు వాసన వస్తే, పైన రంగు మచ్చలు కనపడితే ఆలోచించకుండా పారబోయండి. అన్నం పరబ్రహ్మమే, కానీ పిల్ల కడుపుతో పందెం వద్దు.

ఉప్పు, ఇంకొంచెం మజ్జిగ కలిపి, ఎర్రగడ్డ కొరుక్కుంటూ తినండి. పక్కన ఊరిబిండి ఉంటే ఇంక అడగక్కర్లేదు. మిగిలితే మధ్యాహ్నానికి దాచొద్దు. రాగి సంగటి ముద్ద మిగిలినా ఇదే పద్ధతి. చల్లారిన వెంటనే పలచటి మజ్జిగలో వేసి పెడితే పొద్దునకు మంచి సద్ది అవుతుంది.

రాగి అంబలి

రాగుల్లో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. సీలియాక్‌లో పేగు గోడ దెబ్బతిని కాల్షియం సరిగ్గా ఒంటపట్టదు, ఎముకలు బలహీనపడతాయి. అందుకే మా ఇంట్లో రోజు విడిచి రోజు అంబలి ఉంటుంది. చాలామంది రాగిపిండిని అప్పటికప్పుడు కలిపి ఉడికించి జావ చేసి అంబలి అంటారు. అది జావే. అంబలికి రెండు పులుపులు కావాలి. ఒకటి ఉడకక ముందు, ఇంకొకటి ఉడికిన తర్వాత.

1. రాత్రి అరకప్పు రాగిపిండిని ఒకటిన్నర కప్పు నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, ఒక చెంచా మజ్జిగ వేసి, పలచటి గుడ్డ కట్టి పెట్టండి. ఎండాకాలం ఆరు గంటలు, చలికాలం పన్నెండు గంటలు.

2. పొద్దున చూస్తే పిండి అడుక్కి దిగి, పైన తేట నీళ్ళు, వాటి మీద చిన్న చిన్న బుడగలు ఉంటాయి. పుల్లటి వాసన రావాలి. బుడగలు లేవని టెన్షన్ పడొద్దు, వాసన ఉంటే చాలు.

3. మందపాటి గిన్నెలో నాలుగు కప్పుల నీళ్ళు మరగబెట్టి, కడిగిన బియ్యపు నూక మూడు చెంచాలు వేసి మెత్తగా ఉడకనివ్వండి. నూక బదులు కొర్ర నూక కూడా వేసుకోవచ్చు.

4. మంట బాగా తగ్గించి, పులిసిన పిండిని అడుగు నుంచి కలిపి, ఒక చేత్తో సన్నటి ధారగా పోస్తూ ఇంకో చేత్తో తెడ్డుతో ఆపకుండా తిప్పండి. ఇక్కడ చెయ్యి ఆగితే ఉండలు కడుతుంది, తర్వాత ఎంత మెదిపినా పోదు. పదినిమిషాలకు పచ్చివాసన పోయి, ముదురు రంగుకు తిరిగి, తెడ్డుకు నిగనిగలాడుతూ అంటుకుంటుంది.

5. దించి చల్లార్చండి. మజ్జిగ కలపడానికి తొందర వద్దు. చూపుడువేలు ముంచి పది లెక్కపెట్టేంతసేపు హాయిగా ఉంచగలిగితేనే మజ్జిగ పోయండి. వేడి మీద పోస్తే మజ్జిగలోని సూక్ష్మజీవులు చస్తాయి, మీరు రాత్రి నుంచి పడ్డ శ్రమలో సగం పోయినట్టే.

6. రెండు కప్పుల మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఎర్రగడ్డ, కరివేపాకు కలిపి అప్పుడే తాగొచ్చు. ఇంకా పుల్లగా కావాలంటే మట్టి ముంతలో పోసి మూడు నాలుగు గంటలు నీడన ఉంచండి. ఎండాకాలంలో రెండు గంటలు దాటనివ్వకుండా ఫ్రిజ్‌లో పెట్టండి.

జొన్నపిండితోనూ ఇలాగే చేయొచ్చు. దానికి పులవడానికి ఇంకొక రెండు గంటలు ఎక్కువ ఇవ్వండి, ఉడికేటప్పుడు నీళ్ళు కూడా కొంచెం ఎక్కువే పీలుస్తుంది. సజ్జపిండి పాతదైతే చేదు వస్తుంది, అప్పటికప్పుడు ఆడించిందే వాడండి.

కొర్ర పొంగణాల పిండి

గ్లూటెన్ లేని పిండి పొంగదని బ్రెడ్ చేసేవాళ్ళు బాధపడుతుంటారు. మనకు ఆ బాధ లేదు, మినప్పప్పు ఉంది. నానిన మినప్పప్పును రుబ్బితే వచ్చే జిగురు, దాని ప్రొటీన్ కలిసి, పులిసేటప్పుడు పుట్టే గాలిని బుడగల్లో పట్టి ఉంచుతాయి. గోధుమలో గ్లూటెన్ చేసే పని ఇక్కడ మినుము చేస్తుంది. పిండిని పొంగించే ల్యూకోనోస్టాక్ లాంటి బ్యాక్టీరియా కూడా ఆ పప్పు, గింజలతోనే వస్తుంది. బయటినుంచి ఈస్ట్, వంటసోడా ఏమీ వేయక్కర్లేదు.

కొర్రలు మూడు గ్లాసులు, మినప గుండ్లు ఒక గ్లాసు, మెంతులు ఒక చెంచా, అటుకులు గుప్పెడు. కొర్రలు పొట్టు తీసినవి కొనండి. మన నంద్యాల పరిశోధనా కేంద్రం ఇచ్చిన సూర్యనంది లాంటి కొర్ర రకాలు ఈ నేలలోనే పండుతాయి కాబట్టి రైతు దగ్గరే తాజాగా దొరుకుతాయి. బాగా కడిగి కొర్రలు, మెంతులు కలిపి ఆరు గంటలు, మినుములు విడిగా నాలుగు గంటలు నానబెట్టండి. అటుకులు రుబ్బే ముందు పది నిమిషాలు చాలు.

మినుములు ముందు రుబ్బండి. గ్రైండర్‌లో అయితే అరగంట, కొంచెం కొంచెం నీళ్ళు చల్లుతూ. చిన్న ఉండను నీళ్ళ గిన్నెలో వేస్తే తేలాలి. మిక్సీలో అయితే జార్ వేడెక్కుతుంది, ఫ్రిజ్ నీళ్ళే పోయండి, లేకపోతే మన ఎండలకు పిండి రుబ్బేటప్పుడే సగం పులిసిపోతుంది. కొర్రలు మరీ మెత్తగా కాకుండా, వేళ్ళకు సన్నటి ఇసుక తగిలినట్టు ఉండగానే ఆపండి. రెండూ కలిపి చేత్తో బాగా గిలకొట్టండి. గిన్నె సగానికే నింపండి.

మే నెలలో నేను పిండికి ఉప్పు మొదటే వేస్తాను, ఉప్పు పులుపును కొంచెం నెమ్మదింపజేస్తుంది. ఐదారు గంటలకే పొంగుతుంది, ఆ వెంటనే ఫ్రిజ్‌లోకి పోవాలి. వానాకాలం ఎనిమిది, తొమ్మిది గంటలు. డిసెంబర్, జనవరిలో అనంతపురం రాత్రిళ్ళు బాగా చలిగా ఉంటాయి, అప్పుడు ఉప్పు చివర్లో వేసి, గిన్నెకు దుప్పటి చుట్టి పన్నెండు, పద్నాలుగు గంటలు ఉంచుతాను. పొంగిన పిండిని గరిటెతో మెల్లగా తోస్తే లోపల తేనెపట్టులాగ గూళ్ళు కనపడతాయి. చెవి దగ్గర పెట్టి వింటే సన్నగా చిటచిటమంటుంది. మా చిన్నమ్మాయికి ఆ శబ్దం వినడం ఒక ఆట.

మొదటి రోజు ఇడ్లీ, రెండో రోజు దోసె, మూడో రోజు బాగా పులిసిన పిండిలో నానబెట్టిన శనగపప్పు, ఎర్రగడ్డ, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి గుంత పొంగణాలు. గుంతల పెనంలో శనక్కాయ నూనె ఒక్కో చుక్క వేసి, మూతపెట్టి సన్నమంట మీద కాల్చండి. ఒకవైపు ఎర్రబడ్డాక పుల్లతో తిప్పేయండి. ఆ పెనం గోధుమ వంటలకు వాడిందైతే సీలియాక్ ఉన్నవాళ్ళ కోసం వేరేది కొనడమే మంచిది, గుంతల్లో అంటుకున్నది ఎంత తోమినా పూర్తిగా పోదు.

పెరుగు గురించి రెండు మాటలు

ఇది మీకు వచ్చు. ఒక్కటే చెప్తాను. సీలియాక్ కొత్తగా తేలినవాళ్ళకు పేగు మానేదాకా పాలు పడకపోవచ్చు, పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే శక్తి తాత్కాలికంగా తగ్గుతుంది. పెరుగులో ఆ లాక్టోజ్ కొంత తగ్గి ఉంటుంది కాబట్టి చాలామందికి పడుతుంది. మొదట్లో పలచటి మజ్జిగతో చూడండి. తోడు ఇంట్లోదే వేసుకుంటూ రండి. ఊరికి పోతే తోడు పోతుందని భయపడొద్దు, రెండు చెంచాల పెరుగు చిన్న డబ్బాలో ఫ్రీజర్‌లో పెట్టి పోతే వారం తర్వాత కూడా తోడుకుంటుంది, కొంచెం ఆలస్యంగా.

ఉప్పునీళ్ళలో కూరగాయలు

మన ఇళ్ళలో ఇది అంత అలవాటు లేదు. నేను కూడా ఈ మధ్యే నేర్చుకున్నాను, ఇప్పుడు సద్దన్నం పక్కన ఇది లేకపోతే పిల్లలు ఒప్పుకోరు. ఇందులో కంటితో చూసి ఉప్పు వేయడం పనికిరాదు. చిన్న తూకం మిషన్ ఒకటి కొనండి. కల్లుప్పు చెంచా, మెత్తటి ఉప్పు చెంచా బరువు ఒకటి కాదు.

లీటరు నీళ్ళు కాచి చల్లార్చి 30 గ్రాముల ఉప్పు కరిగించండి. క్యారెట్, ముల్లంగి వేలెడు ముక్కలు కోసి, రెండు చీల్చిన పచ్చిమిర్చి, అల్లం ముక్క, చెంచా ఆవపిండితో గాజు సీసాలో సర్దండి. ఆవపిండి ప్యాకెట్‌ది కాకుండా ఇంట్లో ఆవాలు దంచుకున్నదే వేయండి. ముక్కలన్నీ మునిగేలా ఉప్పునీళ్ళు పోసి, పైన రెండు వేళ్ళు ఖాళీ వదలండి. ముక్క ఒక్కటి కూడా తేలకూడదు, గాలి తగిలిన చోటే బూజు పడుతుంది. సీసా మూతిలో పట్టే చిన్న గిన్నె ఒకటి బరువుగా పెడితే సరిపోతుంది. మూత బిగించకుండా, కింద పళ్ళెం పెట్టి, ఎండ తగలని చోట ఉంచండి. రోజుకొకసారి మూత వదులు చేసి గాలి పోనివ్వండి. బిగించి మర్చిపోతే సీసా పగిలే ప్రమాదం ఉంది.

రెండో రోజుకు నీళ్ళు మసకబారతాయి, అది మంచి గుర్తు. ఎండాకాలం మూడు రోజులకు, చలికాలం ఆరేడు రోజులకు పులుపు వస్తుంది. అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టుకొని వాడండి. పైన తెల్లగా, పలచగా, చదునుగా పొర కడితే అది ఒక రకం ఈస్ట్, తీసేసి వాసన, రుచి బాగుంటే తినొచ్చు. నూగుగా, పచ్చగా, నల్లగా, గులాబీ రంగుగా ఉంటే బూజు, సీసా మొత్తం పారేయండి. ఇంకా ధైర్యం చాలకపోతే పులుపు ఎంతుందో అంకెలో చూపే పీహెచ్ కాగితాలు దొరుకుతాయి, ముంచి చూడండి. 4.6 కంటే తక్కువ ఉండాలి, అంతకంటే పుల్లటి చోట బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా పెరగదు.

తినడం మొదలుపెట్టేటప్పుడు

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. అలవాటు లేని కడుపుకు మొదటి వారం గాలి, ఉబ్బరం వస్తాయి, అంతటితో పడడం లేదని మానేస్తారు. మొదటి వారం రోజూ అరగ్లాసు మజ్జిగ. రెండో వారం వారానికి మూడు రోజులు సద్దన్నం లేదా అంబలి. ఊరబెట్టిన కూరగాయలు రెండు ముక్కలతో మొదలుపెట్టండి. ఒక కాగితం మీద ఏ రోజు ఏం తిన్నారో, కడుపు ఎలా ఉందో రాసుకుంటే మూడు వారాలకు మీకే తెలిసిపోతుంది.

బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు ఉప్పునీళ్ళ కూరగాయల జోలికి పోవద్దు. క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్ళు, అవయవ మార్పిడి అయినవాళ్ళు, ఒంట్లో రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళు ఇంట్లో పులియబెట్టి వండకుండా తినేవి డాక్టర్‌ను అడగకుండా తినకూడదు. ఆరు నెలలు దాటి ఏడాది నిండని పసిపిల్లలకు, గర్భిణులకు సద్దన్నం బదులు ఉడికించిన ఇడ్లీ, తాజా పెరుగు మేలు. ఇవేవీ సీలియాక్‌ను నయం చేయవు. ఆ జబ్బుకు మందు జీవితాంతం గ్లూటెన్ ఉన్నవన్నీ మానడమే, మానిన కడుపుకు బలమివ్వడమే ఈ కుండల పని.

ఈ రాత్రికే మొదలుపెట్టాలనుకుంటే సద్దన్నంతో పొండి. ఉన్న కుండనే సబ్బు తగలకుండా వేడినీళ్ళతో కడిగి, బోర్లించి ఆరబెట్టుకోండి. మజ్జిగ పుల్లగా ఉందో లేదో ఇప్పుడే ఒక చుక్క నాలుక మీద వేసుకొని చూడండి. తియ్యగా ఉంటే రెండు గంటలు బయట పెట్టండి, రాత్రికి సరిపోతుంది.